మిల్లు గేటు వద్ద మనుషుల లెక్క

వరి పండించు రైతునకు ఒక సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. నాట్లు వేయు దినమున నారు చేతికి రావలెననినచో, నెలనాళ్ళు ముందుగనే నారుమడి దున్ని విత్తనము చల్లవలెను. ఎన్ని ఎకరములు నాటవలెనో, ఎంత నారు ఎండిపోవునో, ఎంత పశువుల పాలగునో మనసులోనే లెక్కవేసికొని, అతడు కావలసినదానికన్న కొంచెము ఎక్కువగనే పోసికొనును. ఇంట పెండ్లి తలపెట్టిన గృహిణియు ఇట్టి లెక్కయే వేయును. ఎందరు వత్తురో, ఎందరు రారో, పంక్తికి ఎన్ని విస్తళ్ళు కావలెనో ఎంచి, వంటవారిని ముందుగనే కుదుర్చుకొనును. ఇంత సామాన్యమైన ఈ బుద్ధి, లక్షల రూపాయలు పోసి యంత్రములను తెప్పించిన మిల్లు యజమానులకు చాలకాలము తోచకపోవుట చిత్రముగా నున్నది. కదుళ్ళెన్నియో, మగ్గములెన్నియో, బొగ్గు ఎన్ని టన్నులో వారు శ్రద్ధగా వ్రాసికొనిరి. ఆ యంత్రముల చెంత నిలుచు మనుషులు ఎందరు కావలెను, వారు ఎక్కడినుండి వత్తురు, పని ఎన్నాళ్ళకు నేర్తురు, ఎందరు విడిచిపోవుదురు అను లెక్కను మాత్రము మరియొకనికి వదలివేసిరి. ఆ మరియొకడు ఎవడో, ఆ లెక్క అతని చేతినుండి ఎట్లు జారినదో, జారి ఎవరి చేతికి వచ్చినదో నేడు మనము కొంత విచారించుకొందము.

బొంబాయిలో కవాస్జీ నానాభాయి దావర్ 1854లో నూలు మిల్లు కంపెనీని స్థాపించెను. 1856లో అది నూలు వడకనారంభించెను. కలకత్తా చెంత రిష్రా గ్రామమున 1855లో జనపనార మిల్లు వెలసెను. తరువాతి యేబది ఏండ్లలో ఈ రెండు నగరములును పొగగొట్టముల నగరములైనవి. మిల్లు కట్టిన యజమాని ఒక భాష వాడు; యంత్రములను నడపించు మేనేజరు తరచుగా లాంకషైరునుండియో స్కాట్లండునుండియో వచ్చిన దొర; పనికి వచ్చిన కూలి రత్నగిరి కొండలనుండియో, బీహారు పల్లెలనుండియో దిగిన రైతుబిడ్డ. వీరిలో ఒకరి మాట మరియొకరికి తెలియదు. ఈ నడుమనున్న ఖాళీలో ఒక మనిషి వచ్చి నిలిచెను. అతనిని బొంబాయిలో జాబరనియు, ముకద్దమనియు పిలిచిరి, కలకత్తాలో సర్దారనిరి, మన దక్షిణ దేశమున మేస్త్రీ యనిరి. ఆడకూలీలపై పెత్తనము చేయు స్త్రీకి బొంబాయిలో నాయికిణి యను పేరుండెను.

జాబరు చేయని పని లేదు. కూలీలను తెచ్చువాడును అతడే, పని నేర్పువాడును అతడే, యంత్రము చెడిన సరిచేయువాడును అతడే, పనినుండి తీసివేయువాడును అతడే. పల్లెనుండి క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవానికి పడుకొనుటకు చోటు చూపుట, తిండికి అప్పు ఇప్పించుట, తగవులు తీర్చుట కూడ అతని పనులే. కావున జాబరును కేవలము దుర్మార్గునిగా చిత్రించుట న్యాయము కాదు. ఎవరును చేయని పనిని అతడు చేసెను. కాని అతడు దానికి వెల కట్టెను. పని దొరికిన నాడు అతనికి దస్తూరి చెల్లింపవలెను. దొరికిన పని నిలువవలెనన్న నెలనెలా కొంత ముట్టజెప్పవలెను. ఎవరు ముట్టజెప్పలేదో వారి స్థానమున ముట్టజెప్పగలవాడు మరునాడు నిలిచెడివాడు. మనుషులు ఎంత తరచుగా మారిన జాబరుకు అంత లాభము. పని తెలిసినవాడు పోయి తెలియనివాడు వచ్చినచో నూలు తెగును, బట్ట చెడును; ఆ నష్టము మిల్లుది. ఈ సంగతిని మిల్లు గ్రహించుటకు చాల ఏండ్లు పట్టెను, ఏలయనగా ఆ నష్టమును ఏ పుస్తకములోను ఎవరును వ్రాయలేదు.

గేటు వద్ద ఎల్లప్పుడును పదిమంది ఎక్కువగా నిలిచియుండునట్లు చూచుకొనుటయే జాబరు ఎరిగిన ఏకైక ప్రణాళిక. నేడు ఇరువదిమంది రాలేదా, ఆ గుంపులోనుండి ఇరువదిమందిని లోనికి పిలుచును. అందరును వచ్చిరా, ఆ గుంపు వట్టి చేతులతో ఇంటికి పోవును. మిల్లుకు ఇది ఖర్చు లేని ఏర్పాటుగా తోచెను. నిజమునకు ఖర్చు లేకపోలేదు. గేటు వెలుపల ఆకలితో నిలిచినవాడు దానిని భరించుచుండెను. లెక్క వేయనివాని నష్టమును లెక్కలోనికి రానివాడు మోయుట ఈ చరిత్ర అంతటను మనకు కనబడును.

ఆ ఏర్పాటు ఎంత బలహీనమైనదో 1896లో బొంబాయికి ప్లేగు వ్యాధి వచ్చినప్పుడు తేటపడెను. భయముచే జనులు వేలకువేలు నగరము విడిచి పల్లెలకు పోయిరి. మిల్లులు ఖాళీయైనవి. నెల జీతము నెల గడచిన చాల దినములకు గాని ఇయ్యని యజమానులు, అప్పుడు ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చెదమనిరి. వీధి మూలలలో నిలిచి, వేలములో పాట పాడినట్లు, ఒక మిల్లు వారికన్న మరియొక మిల్లువారు హెచ్చు కూలి చెప్పి పనివాండ్రను లాగుకొనిరి. ప్లేగు తగ్గినది, కూలీలు తిరిగివచ్చిరి, ఆ పాఠమును అందరును మరచిరి. మరల గేటు, మరల గుంపు, మరల జాబరు.

మన తెలుగువారికి ఈ కథతో దూరపు చుట్టరికము కాదు, దగ్గర బంధుత్వమే కలదు. కోస్తా గ్రామములలో నిన్నటి తరము పెద్దలు "రంగము పోయినాడు" అనుటను మనలో కొందరైనను వినియుందురు. రంగమనగా రంగూను నగరము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి వేలకొలది జనులు కాకినాడ, విశాఖపట్టణము మున్నగు రేవులలో ఆవిరియోడ ఎక్కి, డెక్కు మీదనే పడుకొని, బర్మాకు పోయెడివారు. అచ్చటి బియ్యపు మిల్లులలోను, రేవులోను, రంపపు కోత మిల్లులలోను మోటపనికి వారే ఆధారము. వీరిని చేర్చువాడు మేస్త్రీ. అతడు ఊరిలో బయానా ఇచ్చును, ఓడ చార్జీ కట్టును, అచ్చట పనిలో పెట్టును. ఆ సొమ్మును కూలిలో పట్టుకొనును. మిల్లువాడు పెద్ద మేస్త్రీకి ఇచ్చిన సొమ్ము, అతని క్రింది మేస్త్రీల చేతులు దాటి కూలివాని చేతికి వచ్చునప్పటికి ఎంత మిగులునో కూలివానికే తెలియదు. బియ్యపు మిల్లులకు పంటకాలమున పని ముమ్మరము, తరువాత పలుచన. ఆ పలుచని దినములలో మనిషి ఏమి తినవలెనన్న ప్రశ్నకు మిల్లు పుస్తకములలో సమాధానము లేదు.

అట్టి లెక్కలేనితనము ఎంత దారుణమునకు దారితీయునో 1930 మే నెలలో రంగూను రేవు చూపినది. తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేసిరి. ఓడ సరుకు ఆగకుండుటకై గుత్తేదారులు బర్మీయులను పనికి పిలిచిరి. సమ్మె పరిష్కారమైనంతనే తెలుగువారిని తిరిగి చేర్చుకొనిరి. కాని పిలిపించిన బర్మీయుల గతి ఏమి యని ఎవరును ముందుగా ఆలోచింపలేదు. మే 26వ తేదీ ఉదయమున ఇరువురును రేవు వద్దకు వచ్చిరి; ఒకరికి పని యున్నది, మరియొకరికి లేదు. మాటకు మాట పెరిగి, అది చేతులకు, కత్తులకు పోయెను. అల్లరి కొన్ని దినములు నగరమంతట సాగెను. వందమందికి పైగా మరణించిరి. చచ్చినవారిలో అధికులు మన జిల్లాల బీదకూలీలు. ఆ కలహమునకు రాజకీయ కారణములును, ఆర్థిక మాంద్యమును తోడైన మాట నిజమే. అయినను ఆ ఉదయమున నిప్పు రాజుకొన్న చోటు పనికి పిలుచు స్థలమే. ఒకే పనికి ఇద్దరిని పిలిచి ఒకనిని పొమ్మనుట దానికి తక్షణ కారణము.

ఈ అవస్థ మన దేశమునకే చెల్లినదనుకొనరాదు. అమెరికాలో హెన్రీ ఫోర్డు మోటారుకార్ల కర్మాగారమున 1913లో జరిగిన సంగతి వినదగినది. డెట్రాయిటు చెంత హైలండు పార్కులో, కారు తానై పనివాని యొద్దకు జరిగివచ్చు పద్ధతి ఆ యేడే నెలకొన్నది. పని సులభమైనది, వేగమైనది. కాని ఒకే మర బిగించుచు దినమెల్ల నిలుచుట మనిషికి దుర్భరమైనది. ఫలితముగా, సుమారు 14 వేలమందిని పనిలో నిలుపుటకు ఆ యేడు ఫోర్డు కంపెనీ 52 వేలమందికి పైగా చేర్చుకొనవలసివచ్చెను. అనగా ఒక్కొక్క స్థానమునకు ఏడాదిలో దాదాపు నలుగురు వచ్చి పోయిరన్నమాట. చేరినవాడు పని నేర్చులోపుననే వెడలిపోవును. మరల క్రొత్తవానికి మొదటినుండి నేర్పవలెను. ఆ కర్మాగారమున ఎవరిని ఉంచవలెను, ఎవరిని తీసివేయవలెను అను అధికారము అంతవరకు ఫోర్‌మన్ చేతిలో నుండెను. మన జాబరుకు అతడు సీమ అన్నగారు. జాన్ లీ యను అధికారి 1913 చివర ఆ అధికారమును తగ్గించి, ఉద్యోగ శాఖ ద్వారా నడిపించు ఏర్పాటు చేసెను. ఒక విభాగమున ఇమడనివానిని తరిమివేయక మరియొక విభాగమునకు మార్చిరి.

1914 జనవరి 5వ తేదీన ఫోర్డు దినమునకు అయిదు డాలర్లు, ఎనిమిది గంటల పని యని ప్రకటించెను. అంతకుముందు తొమ్మిది గంటలకు రెండున్నర డాలర్లకు లోపే ఇచ్చుచుండిరి. ఈ వార్త విని వేలకొలది నిరుద్యోగులు మంచులో వచ్చి గేటు ముందు క్రిక్కిరిసిరి. అంతమందికి పని లేదు. వారము దినములకు తోపులాట మిక్కుటముకాగా, గడ్డకట్టు చలిలో వారిపై నీటి గొట్టములు విప్పిరి. లోపలివారికి మాత్రము మేలైనది. 1913లో నూటికి 370 వంతున నున్న రాకపోకలు 1915 నాటికి నూటికి 16కు దిగెను. ఆ అయిదు డాలర్లలో సగము లాభములో వాటాగా ఇచ్చిరి. దానికై కంపెనీ ఉద్యోగులు పనివాని ఇంటికి వచ్చి అతని నడవడిని, సంసారమును విచారించెడివారు. కావున ఫోర్డును కరుణామూర్తిగా పొగడనక్కరలేదు. అతడు చేసిన ఘనకార్యము మరియొకటి: మనిషి విడిచిపోవుటకు వెల యున్నదని గ్రహించి, ఆ వెలను లెక్కలోనికి తెచ్చెను.

మన దేశమున ఈ లెక్కను బహిరంగముగా విప్పినది 1929లో జె. హెచ్. విట్లీ అధ్యక్షతన నియమింపబడిన రాయల్ కమిషను. వి. ఎస్. శ్రీనివాసశాస్త్రి, ఎన్. ఎం. జోషీ, జి. డి. బిర్లా, దివాన్ చమన్‌లాల్ అందు సభ్యులు. కమిషను వారు మిల్లులు, గనులు, తోటలు, బర్మా రేవులు తిరిగి, యజమానులను, కూలీలను ప్రశ్నించి 1931లో నివేదిక సమర్పించిరి. పల్లెవాడు నగరముపై మోజుతో రాలేదనియు, పల్లెలో బ్రతుకలేక త్రోయబడి వచ్చెననియు వారు గ్రహించిరి. జాబరు లంచమును గురించి నిర్మొగమోటముగా చెప్పి, పనివారిని చేర్చుకొనుట, తీసివేయుట అతని చేతినుండి తప్పింపవలెననిరి. ఆ పనికై ప్రతి పెద్ద కర్మాగారమునను ఒక లేబరు ఆఫీసరు ఉండవలెననియు, అతడు నిజాయితీపరుడై, కార్మికుల భాష తెలిసినవాడై, నేరుగా జనరల్ మేనేజరుకే జవాబుదారిగా నుండవలెననియు సూచించిరి. ఈ చివరి మాటలో గొప్ప లౌక్యము కలదు. విభాగాధికారి క్రింద నున్న లేబరు ఆఫీసరు, ఆ అధికారి జాబరును కాపాడదలచినచో ఏమియు చేయలేడు గదా.

సలహా ఇచ్చినంత సులభముగా ఆచరణ రాలేదు. బొంబాయి మిల్లులలో 1935లో బదిలీ కార్మికుల కార్డుల పద్ధతి వచ్చెను. బదిలీ యనగా, రానివాని స్థానమున ఆ దినమునకు పనిచేయువాడు. అంతవరకు జాబరు ఇష్టము వచ్చినవానిని పిలిచెడివాడు. ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీన కొందరిని ఎంచి కార్డులిచ్చిరి. కార్డు గలవారు ప్రతి ఉదయమును మిల్లుకు రావలెను. ఖాళీలున్నచో వారికే పని. ఇది పూర్ణ న్యాయము కాదు; పని లేని దినమున కార్డు అన్నము పెట్టదు. అయినను గేటు వద్ద నిలిచినవాని పేరు మొదటిసారి ఒక పుస్తకమున చేరెను. పేరు చేరిన తరువాతనే, ఎన్ని దినములు పని దొరికెను, ఎన్ని దినములు దొరకలేదు అని ఎవరైనను అడుగుటకు వీలు కలిగెను. 1949లో అహమ్మదాబాదునను, 1950లో బొంబాయిలోను ఈ పట్టికలను మిల్లుకొకటిగా గాక నగరమున కంతటికిని కలిపి నడుపు పథకములు వచ్చినవి. ఒక మిల్లులో ఎక్కువైన బదిలీ మరియొక మిల్లులో తక్కువైన చోటికి పోగలిగెను.

బట్ట నేయుట కొన్ని నెలలలో నేర్వవచ్చును. ఉక్కు కరగించుట అట్టిది కాదు. జంషెడ్‌పూరులో తాతావారి కర్మాగారమున 1911 డిసెంబరులో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు తొలుత వచ్చినవి. కొలిమి చెంత నిలుచు నేర్పరులను అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశములనుండి ఒప్పందముపై రప్పింపవలసివచ్చెను. ఒక విదేశీయుని జీతముతో ఎందరో భారతీయులను పోషింపవచ్చును. అయినను నేర్చిన భారతీయుడు బజారులో దొరకడు. కంపెనీవారు 1921లో సాంకేతిక విద్యాలయమును స్థాపించిరి. వివిధ రాష్ట్రముల యువకులు అందు చేరి, పుస్తకము చదువుచు, కొలిమి వద్ద చెమటోడ్చుచు నేర్చిరి. విదేశీయుల ఒప్పందములు ముగిసినకొలదిని వీరు ఆ స్థానములకు ఎక్కిరి. 1938లో జహంగీరు గాంధీ తొలి భారతీయ జనరల్ మేనేజరు అయ్యెను. విద్యాలయము తెరచిన 17 ఏండ్లకు! నారు పోసిన తరువాత నాటుకు ఎంతకాలము పట్టునో పరిశ్రమ విషయమున ఇదియొక కొలమానము.

అదే జంషెడ్‌పూరు మరియొక పాఠమును కూడ నేర్పినది. కర్మాగారము విస్తరించుచున్న దినములలో విరివిగా చేర్చుకొనిరి. విస్తరణ ముగిసి, ఖర్చు తగ్గింపవలసిన కాలము రాగానే కార్మికుల సంఖ్యను తగ్గింపబూనిరి. 1928లో దానిపై పెద్ద సమ్మె చెలరేగి నెలల తరబడి సాగెను. సుభాష్ చంద్ర బోసు నడుమ నిలిచి ఒప్పందము కుదుర్చవలసివచ్చెను. తక్కువ మందితో మొదలిడుట ఒక తప్పైనచో, నిలుపుకొనలేనంత మందిని పిలుచుట రెండవ తప్పు. కర్మాగారమును కట్టువారి సంఖ్య వేరు, నడుపువారి సంఖ్య వేరు. ఈ రెంటిని ఒక్కటిగా చూచిన చోట నెల్ల కన్నీరు కారినది.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియుచుండగా మరియొక పెద్ద లెక్క ఎదురైనది. సైన్యమునుండి విడుదలయగు లక్షల మందికి పని చూపవలెను. దానికై 1945 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక శాఖను నెలకొల్పగా, ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు వెలసెను. తరువాత అవి దేశ విభజన వలన ఇల్లు వాకిలి కోల్పోయి వచ్చినవారికిని, పిమ్మట పని కోరు వారందరికిని తలుపు తెరచినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 500మందికి తక్కువ కాని కర్మాగారములలో సంక్షేమాధికారి ఉండవలెనని విధించెను. విట్లీ కమిషను సలహాకు ఇది ఒక విధముగా చట్టరూపము. 1950లో పారిశ్రామిక శిక్షణాలయముల పథకము మొదలయ్యెను. ఫిట్టరు, టర్నరు, మోల్డరు, వెల్డరు అను మాటలు అప్పటినుండియే మన ఊళ్ళలో ఇంటింటి మాటలైనవి. 1959లో వచ్చిన చట్టము, 25 మందికి తక్కువ కాని సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలుపవలెననెను. అచ్చటినుండియే తీసికొనవలెనని మాత్రము నిర్బంధింపలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము పని నేర్పుటను యజమానుల విధులలో నొకటిగా చేసెను.

రెండవ పంచవర్ష ప్రణాళిక సిద్ధమగుచున్నప్పుడు, తలపెట్టిన కర్మాగారములకు ఇంజనీర్లు ఎందరు కావలెను అను ప్రశ్నపై ప్రణాళికా సంఘమే ప్రత్యేకముగా విచారణ జరిపించెను. భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1955లో సోవియట్ దేశముతో ఒప్పందము జరుగగా, పునాదులు త్రవ్వుచుండగనే మన యువకులు ఆ దేశపు కొలుముల వద్దకు శిక్షణకై పోయిరి. 1959 ఫిబ్రవరిలో అచ్చటి మొదటి కొలిమి వెలిగినది. కొలిమిని కట్టుటయు, కొలిమి చెంత నిలుచు మనిషిని తయారుచేయుటయు ఏకకాలమున సాగుట మన దేశమునకు అప్పటికి క్రొత్త. 1960 దశకమున హైదరాబాదు పొలిమేరలలో రామచంద్రాపురము, బాలానగరు ప్రాంతములందు ప్రభుత్వ కర్మాగారములు లేచినప్పుడును ఇదే బాట పట్టిరి.

ఈ లెక్క ఎట్టిదో ఒక ఊహామాత్రమైన ఉదాహరణతో చూతము. ఒక కర్మాగారమున ప్రతి దినమును 600 స్థానములలో మనుషులు నిలువవలెననుకొందము. జ్వరమనియో, కోతలనియో, పెండ్లియనియో దినమునకు నూటికి పదిమంది రారు. అట్లైనచో పట్టికలో 600 పేర్లు చాలవు, 667 ఉండవలెను. వారిలో ఏడాదికి నూటికి పదునైదుగురు విడిచిపోయినచో, వంద స్థానములు ఖాళీయగును. ఆ వందకు శిక్షణ ఇయ్యవలెను. శిక్షణకు చేరిన ప్రతి అయిదుగురిలో ఒకడు మధ్యలో మానివేసినచో, 125మందిని తీసికొనవలెను. కర్మాగారము ఒక్క అంగుళము పెరుగకపోయినను ఇంతమంది కావలెను! ఇక మరి 200 స్థానములు పెంచదలచినచో, రానివారిని కలుపుకొని 222 పేర్లు, మధ్యలో మానువారిని కలుపుకొని 278మంది శిక్షితులు అదనము. మొత్తము 403. శిక్షణకు ఆరు నెలలు పట్టునట్లైన, ఈ 403మందిలో విస్తరణకు కావలసినవారి పేర్లు క్రొత్త యంత్రము ఓడ దిగుటకు ఆరు నెలలు ముందే పుస్తకమునకు ఎక్కవలెను. ఇందు గణిత శాస్త్రపు లోతులేమియు లేవు, నారుమడి లెక్కయే. కాని ఆ పదియు, ఆ పదునైదును, ఆ అయిదింట ఒకటియు తెలియవలెనన్నచో ఏండ్ల తరబడి హాజరు పుస్తకమును నిజాయితీగా వ్రాయవలెను. జాబరు పుస్తకము వ్రాయలేదు. అందువలననే అతని లెక్క అతనితో పోయెను.

అయితే కాగితముపై లెక్క కుదిరినంతమాత్రమున న్యాయము కుదరదు. విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారమునకై 1966లో తెలుగువారు ఉద్యమించి ప్రాణములర్పించిరి. 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో కర్మాగారము జాతికి అంకితమాయెను. పాత కర్మాగారములకన్న తక్కువమందితో, ఎక్కువ చదువుకొన్నవారితో నడుచునట్లు దానిని రూపొందించిరి. ఇంజనీరు దృష్టిలో అది మంచి లెక్క. కాని భూములిచ్చిన కుటుంబములు వేలకొలది కలవు. వారికి ఉద్యోగార్హతను తెలుపు పత్రములు ఇయ్యబడెను. ఉద్యోగములకన్న పత్రములు ఎక్కువైనవి. ఆ వ్యవహారము దశాబ్దముల తరబడి నలిగినది. భూమిని కొలుచునాడే, ఆ భూమిపై బ్రతుకువారిలో ఎందరికి ఏ పని నేర్పవచ్చునో కొలిచియున్నచో ఆ బాధ కొంతయైనను తగ్గెడిది. ఇరువది ఏండ్ల వ్యవధి నారు పోయుటకు చాలనిది కాదు.

జాబరు పోయెనా యని పాఠకులు అడుగవచ్చును. పేరు పోయినది. బొంబాయి మిల్లుల పొగగొట్టములు కూడ చాలవరకు చల్లారినవి. కాని గుత్తేదారు ద్వారా పనివారిని తెచ్చు అలవాటు పోలేదు. 1970లో దానిని క్రమపరచుటకును, కొన్నిచోట్ల తొలగించుటకును పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చెను. పని పెరిగినప్పుడు పిలిచి, తగ్గినప్పుడు పొమ్మనుటకు గుత్తేదారు నేటికిని సులువైన సాధనము. మిల్లు యజమాని మోయవలసిన అనిశ్చయమును గేటు వెలుపలివాని నెత్తిన పెట్టు ఆ పాత పద్ధతి, వేషము మార్చుకొని నిలిచియున్నది.

ఇంట ఒక కుఱ్ఱవాడు శిక్షణాలయమునుండి సర్టిఫికెట్టు చేతబట్టుకొని వచ్చి, ఎక్కడను ఖాళీ లేదని చెప్పినప్పుడు, వాని అదృష్టము బాగులేదని మనము తలచుచుందుము. అదృష్టమును నిందించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనుట మంచిది: ఆ విద్య నేర్చినవారు ఈ ప్రాంతమునకు ఎందరు కావలెనో ఎవరైనను ముందుగా లెక్కవేసిరా? వేసినచో, ఆ లెక్కను వానికిగాని వాని తల్లిదండ్రులకుగాని తెలిపిరా? లంచమునకు బదులు పేరు పుస్తకమునకు ఎక్కుటకే మన దేశమున ఎనుబది ఏండ్లు పట్టినది. ఎక్కిన ఆ పేరునకు ఎదురుగా ఒక పనిని, ఒక తేదీని వ్రాయుట ఇంక మిగిలిన కార్యము. నారుమడి వద్ద నిలిచిన రైతు ఆ రెంటిని వ్రాసికొనడు గాని, మరువడు.